కూలియు గౌరవమును

విద్యను వెలకిచ్చుట తప్పా యను ప్రశ్న మనదేశమున మిక్కిలి పాతది. మనుస్మృతియందు శ్రాద్ధమునకు పిలువదగని బ్రాహ్మణుల పట్టిక యొకటి కలదు. దొంగలు, జూదరులు మున్నగువారి సరసనే జీతము పుచ్చుకొని వేదము చెప్పువాడును, జీతమిచ్చి చెప్పించుకొనువాడును అందు చేర్పబడిరి. నెలజీతముమీద బ్రతుకు బడిపంతులము గావున ఆ పట్టిక చదివినప్పుడెల్ల మాకు నవ్వు వచ్చును. ఒక్కొక్కప్పుడు కోపమును వచ్చును. ఆ నియమము నడచిన కాలమున గురువునకు రాజు భూమి నిచ్చెడివాడు, శిష్యుడు భిక్ష తెచ్చి పెట్టెడివాడు. గాదెలో గింజలున్నవానికి జీతము నేవగించుకొనుట కష్టము కాదు. అట్టి గాదెలు లేనివాడు చెప్పిన చదువు మైలపడినదని యనుట న్యాయమా? ఈ ప్రశ్నకు శాస్త్రములలో సమాధానము వెదకుటకంటె, ఆటలమైదానమున జరిగిన యొక చరిత్రను చూచుట మేలని మాకు తోచినది. ఏల యన, విద్య విషయమున మన మెల్లరము ఏదో యొక పక్షమువారము. పరుగుపందెము విషయమున కొంత నిష్పక్షపాతముగా ఆలోచింపగలము.

ఆ చరిత్ర జిమ్ థోర్పు అనువానిది. అతడు అమెరికాలో ఇప్పుడు ఓక్లహామా యని పిలువబడు రాష్ట్రమునందు, అది యింకను ఆదిమజాతులవారి కేటాయింపు భూమిగా ఉన్నకాలమున, సాక్-ఫాక్స్ జాతిలో జన్మించెను. పుట్టిన సంవత్సరము 1887 అని కొందఱును 1888 అని కొందఱును వ్రాయుదురు. తలిదండ్రు లిరువురిలోను ఆదిమజాతుల రక్తమును ఐరోపావారి రక్తమును కలిసియుండెను. వారి భాషలో అతనికి పెట్టిన పేరునకు వెలుగుబాట యని యర్థము. కవల సోదరుడు చిన్ననాడే జ్వరముతో పోయెను. కొన్నియేండ్లకు తల్లియు, 1904లో తండ్రియు పోయిరి. అప్పటికే అతడు పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలలో చేరియుండెను.

ఈ పాఠశాలను గుఱించి నాలుగు మాటలు చెప్పక కథ ముందునకు సాగదు. 1879లో రిచర్డు హెన్రీ ప్రాట్ అను సైనికాధికారి దీనిని స్థాపించెను. ఆదిమజాతుల పిల్లలను వారి యిండ్లనుండి వేఱుచేసి, జుట్టు కత్తిరించి, భాష మాన్పించి, పేరు మార్చి, తెల్లవారివలె దిద్దుట దీని యుద్దేశము. ఇండియనుని చంపి మనుష్యుని రక్షింపవలెనని ప్రాట్ బాహాటముగనే చెప్పెను. సంస్కరణ మనెడి మాటను మనమును నిత్యము వాడుదుము. ఆ మాట యెట్టి పనులకు కప్పుగా పనికివచ్చెనో తెలిసికొనుటకు కార్లైల్ చరిత్ర చదువవలెను. పిల్లలకు చేతిపని నేర్పుటకని, ఎండకాలమందును తదితర కాలములందును వారిని ఇరుగుపొరుగు రైతుల కమతములకు, ఇండ్లకు చిన్న కూలిమీద పంపుచుండిరి. థోర్పు కూడ అట్లు పోయి పొలములలో పనిచేసెను. అనగా పాటుపడి డబ్బు పుచ్చుకొనుట మంచిదని ఆ బాలునకు నేర్పినది ఆ బడియే. ఈ సంగతి పాఠకులు మఱవకుందురుగాక.

1907లో ఒకనాడు మైదానముప్రక్కగా నడచిపోవుచు, పెద్దపిల్లలు దాటలేక విడిచిన కడ్డీని తొడిగిన పనిబట్టలతోనే అవలీలగా దాటెనని చెప్పుదురు. అది మొదలు శిక్షకుడు గ్లెన్ వార్నరు అతనిని తన జట్టులోనికి తీసికొనెను. 1911లో కార్లైల్ బడిజట్టు హార్వర్డు విశ్వవిద్యాలయమును 18కి 15గా అమెరికా ఫుట్‌బాల్ ఆటలో ఓడించినప్పుడు థోర్పు నాలుగు మాఱులు బంతిని గోలుకంబముల నడుమనుండి తన్నెను. మఱుసటి సంవత్సరము సైనికకళాశాల జట్టును వారు 27కు 6గా ఓడించిరి. తరువాత దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవరు ఓడినజట్టులో నుండెను. ఆదిమజాతులతో యుద్ధము చేసిన సైన్యమునకు అధికారులను తయారుచేయు కళాశాల అది. ఆ పిల్లలు ఏమనుకొని ఆడిరో ఊహించుట కష్టము కాదు.

1912 జూలైలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. అందు రెండు క్రొత్తపందెము లేర్పఱచిరి. ఒకటి పెంటాథ్లాన్, ఐదు విద్యల పందెము; దూరము దూకుట, ఈటె, 200 మీటర్ల పరుగు, చక్రము విసరుట, 1500 మీటర్ల పరుగు. రెండవది డెకాథ్లాన్, పది విద్యలది. బలమున్నవాడు గుండు విసరును గాని దూరము పరుగెత్తలేడు. దూరము పరుగెత్తువాడు సన్నని దేహముగలవాడు, గుండు నెత్తలేడు. ఒక్కదేహమున ఈ విరుద్ధగుణములన్నియు సమకూడుట యరుదు. థోర్పు ఐదు విద్యలలో నాలుగింట మొదటివాడై, ఈటెలో మాత్రము మూడవవాడాయెను. పది విద్యలలో నాలుగింట మొదటివాడు, తక్కిన యాఱింటిలోను నాలుగవ స్థానమునకు దిగువకు పోలేదు. 110 మీటర్ల అడ్డుకఱ్ఱల పరుగు 15.6 సెకండ్లలో ముగించెను, ఎత్తు 1.87 మీటర్లు దూకెను; మూడుదినములు అలసిన పిమ్మట కడపటి 1500 మీటర్లు 4 నిమిషముల 40.1 సెకండ్లలో పరుగెత్తెను. ఆనాటి లెక్కప్రకారము అతనికి 8,412 పాయింట్లు వచ్చెను. రెండవవాడైన స్వీడన్ దేశపు హ్యూగో వీస్‌లాండర్ కంటె అవి దాదాపు 700 ఎక్కువ. ఇవిచాలవన్నట్లు విడిగా జరిగిన ఎత్తుదూకు పందెమున నాలుగవవాడును, దూరము దూకు పందెమున ఏడవవాడును అయ్యెను. అదే క్రీడలలో కార్లైల్ విద్యార్థియే, హోపి జాతివాడు, లూయీ టెవానిమా 10,000 మీటర్ల పరుగున రజతపతకము గెలిచెను.

స్వీడన్ రాజు గుస్తావు అతని చేయి పట్టుకొని, ప్రపంచమున నీవే గొప్ప క్రీడాకారుడవని యనగా, థోర్పు సంతోషమని రెండు ముక్కలలో బదులు చెప్పెనందురు. రష్యా చక్రవర్తి యొసగిన ఓడయాకారపు బహుమానమును, స్వీడన్ రాజు విగ్రహమును అతనికి లభించెను. న్యూయార్కు వీథిలో ఊరేగింపు జరిగెను. అమెరికాలోని ఆదిమజాతుల వారందఱికిని పౌరసత్వమిచ్చిన చట్టము వచ్చినది 1924లోనని తెలిసినవారికి, ఆ ఊరేగింపులో అమెరికా దేశ గౌరవమును గుఱించి చేసిన కేకలు కొంత వింతగా వినబడును.

ఆఱునెలలు గడచినవి. 1913 జనవరిలో ఒక పత్రిక, థోర్పు 1909, 1910 సంవత్సరములలో వేసవికాలమందు ఉత్తర కరోలినాలోని రాకీమౌంటు మొదలగు ఊళ్లలో కూలికి బేస్‌బాల్ ఆడెనని ప్రకటించెను. ఆ కూలి యెంత? ఆటకు రెండు డాలర్లని కొందఱందురు. వారమునకు ముప్పదియైదు డాలర్లవఱకని కొందఱందురు. కళాశాల విద్యార్థులు పలువురు వేసవిలో అట్లే ఆడుచుండిరి. వారు దొంగపేర్లు పెట్టుకొనెడివారు. థోర్పు తన పేరుతోనే యాడెను. కనుకనే పట్టుబడెను. దొంగపేరు పెట్టుకొనుటకు కావలసిన తెలివి యతనికి లేకపోయినదని కొందఱు జాలిపడి వ్రాసిరి. దాచవలసిన పని చేయుచున్నానని అతడు తలంపలేదని చెప్పుటయే మాకు సరిగా తోచుచున్నది.

అమెరికా అమెచ్యూరు క్రీడాసంఘమునకు కార్యదర్శియైన జేమ్సు సల్లివన్ అను నతనికి థోర్పు ఉత్తరము వ్రాసి, డబ్బు పుచ్చుకొన్నమాట నిజమే యనియు, తాను ఇండియన్ బడిపిల్లవాడను మాత్రమే యనియు, ఇట్టి విషయములు తనకు తెలియవనియు, డబ్బుకొఱకుగాక ఆటమీది ప్రీతిచేతనే ఆడితిననియు ఒప్పుకొనెను. ఆ యుత్తరమున శిక్షకుడు వార్నరు చేయి కలదనియు, శిష్యుని వేసవి యాటలు అతనికి మునుపే తెలిసియుండవలెననియు చరిత్రకారులు పలువురు తలంచుదురు. వార్నరు మాత్రము ఎఱుగననియే చెప్పెను. ఏది యెట్లున్నను తప్పంతయు ఇరువదియైదేండ్ల యువకునిమీద పడెను. సంఘమును, బడియు, శిక్షకుడును శుభ్రముగా బయటపడిరి. పేరు పట్టికనుండి కొట్టివేయబడెను. పతకములును బహుమానములును తిరిగి పంపవలసివచ్చెను.

ఇచ్చట మేము థోర్పు పక్షమున మాత్రమే మాటాడినచో పాఠకుడు మమ్ము నమ్మడు. నియమమొకటి యుండెను, అతడు దానిని తప్పెను. ఎఱుగక చేసిన తప్పును తప్పు కాదని యేశాస్త్రమును చెప్పదు. నియమము నెఱుగననువారి నందఱిని విడిచిపెట్టిన, ఎఱుగకుండుటయే లాభమగును. ఇంతవఱకు సల్లివన్‌తో మేము ఏకీభవింతుము. అయితే ఎఱుగనివాని తప్పునకు ప్రాయశ్చిత్తము తగ్గింపవలెనని మన ధర్మశాస్త్రములే చెప్పుచుండగా, ఇచ్చట కనికరమేమియు కనబడదు. మఱియొకటి. ఆ క్రీడల నియమావళిలోనే, ఎవరిమీదనైన ఆక్షేపణ యున్నచో క్రీడలు ముగిసిన 30 దినములలోపల తెలుపవలెనని యుండెను. ఆక్షేపణ వచ్చినది సుమారు ఆఱుమాసములకు. నియమముపేరిట ఒకని శిక్షించుచు, ఆ శిక్షకే అడ్డుగానున్న నియమమును చూడకపోయిరి. ఎదుటివానికి నిబంధనలు చదివి వినిపించువాడు, తన్ను కట్టివేయు పుటవద్ద పుస్తకము మూయుట మన సంఘములలోను కచ్చేరీలలోను కొత్త కాదు.

ఇక నియమమే న్యాయమైనదా యని విచారింపవలెను. అమెచ్యూరు అను మాటకు మూలమున ప్రేమించువాడని యర్థము. ప్రేమచేత ఆడువాడు గొప్పవాడని ఎవరు కాదందురు? కాని ఇంగ్లండులో ఈ మాటను నియమముగా చేసినవారు ప్రేమను కొలువలేదు, కులమును కొలిచిరి. హెన్లీ పడవపందెముల వారు 1879లో చేసిన నిర్వచనములో, జీతముమీద పనిచేయు యంత్రకారుడు గాని, చేతిపనివాడు గాని, కూలివాడు గాని అమెచ్యూరు కానేరడని వ్రాసికొనిరి. పందెమాడి డబ్బు పుచ్చుకొన్నాడా లేదా యని కాదు; పగలు సుత్తి పట్టినవాడు సాయంకాలము తెడ్డు పట్టరాదు. చేయి పనిచేసి గట్టిపడుట పెద్దమనుష్యులతో పందెమునకు అక్రమమైన లాభమని కూడ కొందఱు వాదించిరి! ఇంతటి హాస్యమును మన పంచాంగకర్తలు సైతము వ్రాయలేదు. తరువాత ఆ మాటలు కొట్టివేయబడినను, వాని నీడ నూఱేండ్లు క్రీడలను విడువలేదు.

దీనికి మఱియొక నిదర్శనము చెప్పెదము. 1948లో లండనున జరిగిన ఒలింపిక్ క్రీడలలో గుఱ్ఱపుస్వారి విన్యాసపందెమున స్వీడన్ జట్టు బంగారుపతకము గెలిచెను. ఆ పందెమునకు సైన్యములో అధికారపదవి గలవారే అర్హులు. జట్టులోని గేనాల్ పేర్సన్ అనునతడు మంచి రౌతు, కాని సార్జెంటు మాత్రమే. స్వీడన్ సైన్యమువారు క్రీడలముందు అతనిని అధికారిగా చేసి, క్రీడలు కాగానే మరల సార్జెంటుగా దింపిరి. సంగతి బయటపడగా 1949లో జట్టుపతకమును తీసివేసిరి. 1952లో నియమమును మార్చిరి. ఆ ముగ్గురు రౌతులే హెల్సింకిలో మరల గెలిచిరి. చదువరికి అస్త్రవిద్యా ప్రదర్శనమున కర్ణుడు తప్పక జ్ఞప్తికి వచ్చును. అర్జునుడు చేసినవన్నియు తానును చేసి చూపినవానిని, నీవెవరికొడుకవని కృపుడడిగెను. సుయోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యమున కభిషేకించి అర్హత కల్పించెను. కర్ణుని బాణము అభిషేకమునకు ముందొకవిధముగను వెనుక నొకవిధముగను పోలేదు. పేర్సన్ గుఱ్ఱమునకు తనపై నున్నవాడు సార్జెంటో లెఫ్టెనెంటో తెలియదు.

సైన్యాధికారికి నెలజీతము లేదా? 1912లో స్టాక్‌హోమునకు వచ్చిన వారిలో సైన్యాధికారులు అనేకులు. గుఱ్ఱమెక్కుట, కత్తి తిప్పుట, తుపాకి పేల్చుట వారి వృత్తి. ఆ విద్యలలోనే పందెము. అందుకు జీతము ప్రభుత్వమిచ్చుచుండెను. అది కూలి యనబడలేదు. శిక్షకుడు వార్నరునకు జీతము కలదు. కార్యదర్శి సల్లివన్, ఆటసామగ్రి నమ్ము స్పాల్డింగు కంపెనీకి చేరిన క్రీడాపుస్తక ప్రచురణాలయమునకు అధిపతి. బంతి చేసినవాడు, అమ్మినవాడు, ఆటను నేర్పినవాడు, ఆటను గుఱించి వ్రాసినవాడు, టికెట్టు చింపినవాడు అందఱును డబ్బు పుచ్చుకొనవచ్చును. పరుగెత్తినవాడొక్కడే శుద్ధుడుగా నుండవలెను. యజ్ఞములో అందఱికి దక్షిణ కలదు, పశువునకు తప్ప.

దీనికి ఎదురుపక్షమువారు ఒక మంచి ప్రశ్న వేయుదురు. డబ్బు ప్రవేశించిన తరువాత ఆటలు బాగుపడినవా? 1970ల దశకమున ఒలింపిక్ శాసనమునుండి అమెచ్యూరు అను మాట తొలగింపబడినది. 1992లో బార్సెలోనాలో కోట్లు గడించు అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాండ్రే తమ దేశపుజట్టుగా దిగిరి. అటుపిమ్మట ప్రకటనలు, మందులు, బేరములు ఎంతగా పెరిగినవో చూచుచునే యున్నాము. ఈ కీడును మేము తక్కువచేసి చెప్పము. మా బడిలో పరుగుపందెమాడు పిల్లలను చూచినప్పుడు, బహుమతి ప్రకటింపని నాడు వారి ముఖములలో నుండు వెలుగు బహుమతి ప్రకటించిన నాడు కొంత తగ్గుటయు గమనించితిమి. నిష్కామముగా చేసిన పనికి ఒక కాంతి కలదు. కాని నిష్కామముగా నుండుమని ఆకలిగొన్నవానికి ఆజ్ఞాపించుట వేఱు. కామము విడుచుట తనంతట తాను చేయవలసిన పని; ఇతరుడు చేయించినప్పుడు అది వెట్టి యగును. రెండుడాలర్లు పుచ్చుకొన్నదినమున థోర్పునకు ఆటమీద ప్రేమ తగ్గినదని ఎవరు తూచిచూచిరి? తల్లి వంటయింట చేసినపనికి జీతము లేదు, వంటలక్కకు కలదు. ఇంతమాత్రమున వంటలక్క చేతి యన్నము ప్రేమలేనిదని చెప్పువాడు ఆమె వడ్డించుట చూడలేదన్నమాట.

అతని తరువాతి జీవితమును త్వరగా చెప్పెదము. పతకములు పోయినసంవత్సరమే న్యూయార్కు జయంట్సు వారితో బేస్‌బాల్ ఒప్పందము చేసికొని 1919వఱకు పెద్దజట్లలో ఆడెను, ఫుట్‌బాల్ ఆడెను, 1920లో వృత్తి ఫుట్‌బాల్ జట్ల సంఘమేర్పడగా దానికి మొదటి యధ్యక్షుడాయెను. వయస్సు మీరినపిదప కాలువలు త్రవ్వెను, సినిమాలలో చిన్నవేషములు వేసెను, ఓడలో పనిచేసెను. 1932లో ఒలింపిక్ క్రీడలు లాస్ ఏంజిలిసునకు వచ్చినప్పుడు టికెట్టుకొనుటకు డబ్బులేదని తెలిసి, ఆదిమజాతి సంతతివాడే యైన దేశోపాధ్యక్షుడు చార్లెసు కర్టిసు తనతోపాటు కూర్చుండ పిలిచెను. 1950లో పత్రికారచయితలు గడచిన యర్ధశతాబ్దమునకు అతనినే మేటి క్రీడాకారునిగా ఎన్నుకొనిరి. 1953 మార్చి 28వ తేదీన అతడు మరణించెను. అప్పటికి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమునకు అధ్యక్షుడు ఏవరీ బ్రండేజి. ఇతడు 1912లో ఆ రెండు పందెములలోను థోర్పుతో పోటీచేసి ఓడినవాడు. పిదప ఇండ్లు కట్టించు వ్యాపారమున భాగ్యవంతుడైనవాడు. 1972లో పదవి విడుచువఱకు పతకము లిచ్చుటకు సమ్మతింపలేదు. ఓడిన కసిచేత అని మే మనజాలము. ఒకని మనస్సులోనికి పోయి చూచుట మా తరము కాదు. అయినను తనను గెలిచినవాని యభియోగమునకు తానే న్యాయాధిపతిగా కూర్చుండుట కూడదని, కసి యున్నను లేకున్నను, ఎవడైన నేర్పవలసియుండెను.

ఓడినవాడు వేఱువిధముగా నుండవచ్చునని హ్యూగో వీస్‌లాండర్ చూపెను. డెకాథ్లాన్ బంగారుపతకము తనదని అతడు ఎన్నడును అంగీకరింపలేదనియు, గెలిచినవాడు థోర్పేయని యెంచుచుండెననియు అతని కుటుంబమువారును స్వీడన్ ఒలింపిక్ సంఘమువారును సాక్ష్యమిచ్చిరి. పెంటాథ్లానులో మొదటివాడుగా వ్రాయబడిన నార్వే దేశపు ఫెర్డినాండు బీ విషయమునను ఆ దేశపు సంఘము అడ్డుచెప్పలేదు. 1912లో గెలుపు నష్టపోయినవారే నష్టము జరుగలేదనుచుండగా, నష్టపరిహారము కోరినవారెవరు?

థోర్పు చరిత్ర వ్రాసిన రాబర్టు వీలరును అతని భార్య ఫ్లారెన్సు రిడ్లనును ఆ 30 దినముల నియమమును వెలికితీసి వాదించినమీదట, 1982లో ఒలింపిక్ సంఘము మనసు మార్చుకొనెను. అయితే వీస్‌లాండర్, బీ వీరితో సమానముగా మాత్రమే అతనిని పట్టికలో చేర్చెను. 700 పాయింట్ల యెడము గలవారిని సమానులని వ్రాయుట గణితశాస్త్రమునకే అవమానము. 1983 జనవరిలో అతని బిడ్డలకు పతకము లిచ్చిరి. మొదటివి పూర్వమే ప్రదర్శనశాలలనుండి దొంగిలింపబడుటచే ఇవి నకళ్లు. 2022 జూలై 15వ తేదీన, డెకాథ్లాన్ ముగిసి సరిగా 110 ఏండ్లు నిండిననాడు, రెండు పందెములలోను థోర్పు ఒక్కడే విజేతయని ప్రకటించిరి.

చనిపోయినవానికి ఇచ్చిన న్యాయము ఎవరికి చేరును? ఋణము తీసికొన్నవాడు ఋణదాత మరణించినమీదట వారసులకు చెల్లించినచో ఋణము తీఱును. కాని పేరు వారసుల సొత్తు కాదు. దీనిని గుఱించి మేము పలుమాఱు ఆలోచించితిమి. 2022లో మారినది థోర్పు కాదు, పట్టిక. పట్టికను చదువువారు బ్రతికియున్నవారు. అబద్ధమును నేర్చుకొనుచున్నవారు వారు. కావున ఆ దిద్దుబాటు మనకు చేసిన మేలని చెప్పవచ్చును గాని, అతనికి తీర్చిన బాకీ యని చెప్పుకొనుటకు ఆ సంఘమునకు హక్కులేదు.

అతని బాకీలలో మఱియొకటి యటులే యున్నది. మరణానంతరము అతని మూడవభార్య, పెన్సిల్వేనియాలోని మాక్ చంక్ అను ఊరివారితో ఒడంబడిక చేసికొని, దేహము నచ్చటికి పంపెను. ఊరు బాగుపడునని తలంచి ఆ జనులు తమ ఊరిపేరు తీసివేసి జిమ్ థోర్పు అని పెట్టుకొనిరి. బ్రతికియున్నప్పుడు అతనికి ఆ ఊరితో సంబంధము లేదు. తండ్రి యెముకలను ఓక్లహామాలో తమ జాతివారి నేలలో, తమ యాచారముప్రకారము ఉంచవలెనని కుమారులు న్యాయస్థానముల కెక్కిరి. క్రింది న్యాయస్థానమున గెలిచిరి, పైన ఓడిరి. 2015లో అమెరికా ఉన్నతన్యాయస్థానము ఆ యర్జీని విచారణకు తీసికొనుటకు నిరాకరించినది.